లింక్ పంపినంత మాత్రాన పాఠం చెప్పినట్టు కాదు

బడిలో పిల్లలకు మానసిక ఆరోగ్యం గురించి చెప్పాలా, అక్కర్లేదా అన్న వాదనకు నా దృష్టిలో ఎప్పుడో కాలం చెల్లింది. జీవితంలో తలెత్తే మానసిక రుగ్మతల్లో దాదాపు సగం 14 ఏళ్ల వయసుకే మొదలవుతున్నాయని అమెరికాలో జరిగిన ఒక పెద్ద సర్వే ఆధారంగా రొనాల్డ్ కెస్లర్ బృందం 2005లోనే తేల్చింది. 10 నుంచి 19 ఏళ్ల మధ్య వయసువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి చెప్పాల్సిందే. నన్ను కలవరపెడుతున్నది ఆ చెప్పడం అనే పని క్రమంగా ఒక లింక్ పంపడంగా కుంచించుకుపోవడం. ఒక వీడియో, దాని చివర క్విజ్, పూర్తి చేసినందుకు సర్టిఫికెట్, ఆపైన "అవగాహన కార్యక్రమం నిర్వహించాం" అని నివేదికలో ఒక వాక్యం. అంతటితో బాధ్యత తీరిందనుకుంటున్నాం.

నేను ఆన్‌లైన్ వనరులకు వ్యతిరేకిని కాను. లెక్కలో, చరిత్రో బోధించే ఉపాధ్యాయుడికి పానిక్ అటాక్ (ఒక్కసారిగా ముంచుకొచ్చే తీవ్ర భయం) వచ్చినప్పుడు గుండె ఎందుకు అంత వేగంగా కొట్టుకుంటుందో, మామూలు దిగులుకూ డిప్రెషన్‌కూ తేడా ఏమిటో ఎవరూ నేర్పలేదు. నిపుణులు తయారుచేసిన మంచి వీడియో ఆ లోటును పది నిమిషాల్లో కొంతైనా పూడుస్తుంది. పైగా మనం చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు, ఫోన్‌లో వెతుక్కుంటారు. టిక్‌టాక్‌లో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) గురించి ఎక్కువ మంది చూసిన 100 వీడియోలను కెనడా పరిశోధకులు పరిశీలించి, వాటిలో 52 శాతం తప్పుదోవ పట్టించేవేనని 2022లో ప్రచురించారు. అంత తప్పుడు సమాచారం మధ్య పిల్లవాణ్ని ఒంటరిగా వదిలేయడం కంటే, బడి జాగ్రత్తగా ఎంచి ఇచ్చిన వనరు ఎన్నో రెట్లు నయం.

అయితే ఆ వనరు ఎవరి చేతిలో ఉంది, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టే ఫలితం మారుతుంది. ఆందోళననూ, దిగులునూ ఎదుర్కోవడం నేర్పేందుకు ఆస్ట్రేలియాలో రూపొందిన మూడ్‌జిమ్ అనే వెబ్ కార్యక్రమాన్ని 30 పాఠశాలల్లో ఉపాధ్యాయుల పర్యవేక్షణలో తరగతి సమయంలోనే చేయించినప్పుడు, పిల్లల్లో ఆందోళన తగ్గిందనీ, ఆ మేలు ఆరు నెలల తర్వాత కూడా నిలిచిందనీ 2009లో వెలువడిన అధ్యయనం చూపింది. అదే కార్యక్రమాన్ని ఇంటర్నెట్‌లో ఎవరికి వారు మొదలుపెట్టినప్పుడు చివరిదాకా పూర్తి చేసినవారు చాలా కొద్దిమంది. పాఠం అదే, తెర అదే. తేడా అల్లా దానికి కేటాయించిన పీరియడ్‌లోనూ, గదిలో ఉన్న పెద్దమనిషిలోనూ ఉంది.

మనిషి ఉంటే చాలని కూడా అనను. బ్రిటన్‌లో 85 పాఠశాలల్లో 8,000 మందికి పైగా పిల్లలతో జరిగిన మిరియడ్ అధ్యయనంలో, శిక్షణ పొందిన ఉపాధ్యాయులే స్వయంగా నేర్పినా, మైండ్‌ఫుల్‌నెస్ (మనసును ప్రస్తుత క్షణంపై నిలపడం) పాఠాల వల్ల మామూలు బోధన కంటే అదనపు ప్రయోజనమేమీ కనిపించలేదని 2022లో తేలింది. అందరికీ ఒకే మందు వేస్తే అది కొందరికి పడకపోవచ్చునన్న హెచ్చరికగా నేను దాన్ని తీసుకుంటున్నాను. ఇందుకు భిన్నంగా ఐరోపాలోని 10 దేశాల్లో 11,000 మందికి పైగా విద్యార్థులతో జరిగిన అధ్యయనంలో, తోటివారితో కలిసి సన్నివేశాలు నటిస్తూ, మాట్లాడుకుంటూ నేర్చుకునే కార్యక్రమం ఆత్మహత్యా ప్రయత్నాలను తగ్గించిందని 2015లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అక్కడ పిల్లలు వింటూ కూర్చోలేదు, నోరు విప్పారు.

ఇక్కడే నేను అందరికంటే ఎక్కువగా ఆలోచించే పిల్ల ఒకతె ఉంది. తరగతిలో నలభై మంది వీడియో చూస్తుంటారు. అందులో చెబుతున్న లక్షణాలు ఒక్కొక్కటీ తనవేనని ఆమెకు ఆ క్షణంలోనే మొదటిసారి తెలుస్తుంది. నెలల తరబడి తాను సోమరినని, చెడ్డదాన్నని నమ్ముతూ వచ్చిన మనసుకు అది పెద్ద ఊరటా కావచ్చు, పెద్ద భయమూ కావచ్చు. వీడియో అయిపోతుంది, గంట మోగుతుంది, తర్వాతి పీరియడ్ మొదలవుతుంది. ఆమె ఎవరి దగ్గరికి వెళ్లాలి? తెర మీద కనిపించిన హెల్ప్‌లైన్ నంబరును అందరి ముందూ రాసుకుంటే పక్కవాళ్లు ఏమనుకుంటారోనని ఆ పనీ చేయదు. ఈ ప్రశ్నకు ముందుగా జవాబు సిద్ధం చేసుకోని బడి ఆ వీడియోను చూపించకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం. గాయాన్ని విప్పి చూపించి, కట్టు కట్టకుండా వెళ్లిపోకూడదు.

ఆ సిద్ధం చేసుకోవడం అసాధ్యమైన పనేమీ కాదు. ఉపాధ్యాయుడు వీడియోను ముందు తానొక్కడే పూర్తిగా చూడాలి. ఆత్మహత్య ప్రస్తావన ఉంటే, అందులో పద్ధతుల వర్ణన లేదని నిర్ధారించుకోవాలి. ఒకటి అయిపోగానే మరో వీడియో దానంతటదే మొదలుకాకుండా ఆటోప్లే ఆపేయాలి, ఎందుకంటే రెండో వీడియోను ఎంచేది బడి కాదు. ఫలానా రోజు ఫలానా విషయం మాట్లాడుకుంటామని పిల్లలకు ముందుగా చెప్పాలి, వినలేననుకున్నవారికి బయట కూర్చునే వీలు ఉండాలి. "మీలో ఎవరికైనా ఇలా అనిపించిందా, చేతులెత్తండి" అని ఎట్టి పరిస్థితిలోనూ అడగకూడదు. పేరు రాయనక్కర్లేని చీటీలు తీసుకుని, ప్రశ్నలకు మరుసటి తరగతిలో జవాబు చెప్పవచ్చు. అయితే అందులో ఎవరి ప్రాణమో ప్రమాదంలో ఉందనిపిస్తే మరుసటి తరగతి దాకా ఆగకూడదన్న నియమం కూడా ముందే ఉండాలి.

పిల్లల మూడ్‌ను రోజూ నమోదు చేయించే యాప్‌ల విషయంలో నాకు ఇంకా కఠినమైన అభిప్రాయం ఉంది. పదమూడేళ్ల పిల్లవాడు "ఈరోజు బతకాలని లేదు" అని రాస్తే ఆ వాక్యం ఎక్కడ నిల్వ ఉంటుంది, ఎవరు చదువుతారు, ఎన్నేళ్ల తర్వాత చెరిపేస్తారు? అన్నిటికంటే ముఖ్యంగా, ఆ సాయంత్రమే ఎవరైనా చదువుతారా? వీటికి రాతపూర్వక సమాధానం ఇవ్వని యాప్‌ను, అది ఉచితంగా దొరికినా సరే, తరగతిలోకి రానివ్వకూడదు.

కొత్త వనరు కొనే ముందు యాజమాన్యాలు ఎన్ని వీడియోలున్నాయి, ఎన్ని మాడ్యూళ్లున్నాయి అని అడుగుతాయి. తల్లిదండ్రులుగా, ఉపాధ్యాయులుగా మనం అడగవలసినది వేరు: ఈ పాఠం చూపించే రోజున, బడి వదిలే సమయానికి, తలుపు తెరిచి కూర్చునే కౌన్సెలర్ ఎవరు, వారికి ఆ రోజు వేరే పని అప్పగించలేదు కదా? ఆ పేరు టైంటేబుల్లో రాసి ఉంటేనే వీడియో చూపించమనండి.