మీటరు చెప్పేది సగమే
వాడిన రేసు బైకు కొనేటప్పుడు మీటరులో కిలోమీటర్లు తక్కువగా ఉంటే మంచి ధర ఇవ్వవచ్చని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ట్రాక్ మీద ఇంజన్ ఎక్కువసేపు ఎర్రగీత (అది తిరగగల గరిష్ఠ వేగపు గుర్తు) దగ్గరే తిరుగుతుంది, కాబట్టి ఎన్ని గంటలు నడిచిందో, పిస్టన్, రింగులు ఎప్పుడు మార్చారో బిల్లులతో సహా అడగాలి. విశాఖలో నేను కొన్న 390 సీసీ బండి మీటరు చూస్తే కొత్తదే. ఇంటికి తెచ్చాక ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు తీగ కట్టడానికి వేసిన సన్నని రంధ్రం కనిపించింది. రేసుల్లో బోల్టు ఊడకుండా ఇలా తీగ కడతారు. అప్పుడు గాని అది రేసుల్లో తిరిగిందని అర్థం కాలేదు! హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, అది ఫ్రేముకు ఆనే చోట నొక్కులు ఉన్నాయేమో చూడండి. ఉంటే బండి గట్టిగా పడి ఉండవచ్చు. మన బీచ్ రోడ్డు వైపు ఉంచిన బండి అయితే ముందు ఫోర్కు గొట్టాల మీద ఉప్పుగాలి తుప్పు చుక్కలు కూడా వెతకాలి. అవి ఫోర్కులోని ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్లను కోసేస్తాయి, ఆయిల్ కారడం మొదలవుతుంది.