వకాలత్ మీద సంతకం పెట్టే రోజున రాసుకోవలసిన కాగితం

మా మేనమామ దగ్గర రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి ఉంది. గుంటూరుకు దగ్గరలోని పల్లెలో ఎకరం పాతిక సెంట్ల పొలం గట్టు విషయమై ఆయన ఆరేళ్లపాటు దావా నడిపించారు. వాయిదాకు వెళ్లి వచ్చిన ప్రతి రాత్రీ ఆ రోజు ఖర్చును తారీఖు వేసి అందులో రాసుకునేవారు. వకీలుగారి ఫీజుగా మొదట మాట్లాడుకున్నది 40,000 రూపాయలు. అది రెండు విడతల్లో ఇచ్చేశారు. ఆ రెండు పద్దులూ మొదటి పేజీలోనే ఉన్నాయి. తర్వాతి పేజీలన్నీ చిన్న పద్దులే: వాయిదాకు 500, గుమాస్తాకు 200, టైపుకు 300, నకళ్లకు 450, పొలం కొలవడానికి కోర్టు పంపిన కమిషనరు వచ్చిన రోజున కారుకూ భోజనాలకూ కలిపి 2,600. దావా ముగిశాక ఇద్దరం కూర్చుని కూడితే ఆ చిన్న పద్దుల మొత్తం అసలు ఫీజుకు రెట్టింపు దాటింది. వకీలు మోసం చేశారని మామయ్య ఏనాడూ అనలేదు, నేనూ అనను. అయితే ఏ పద్దు దేనికి, అది ఎవరికి చేరుతుంది, ఇంకా ఎన్ని రావచ్చు అన్న సంగతి మొదటి రోజున ఆయనకు ఎవరూ చెప్పలేదు.

వకీళ్ల ఫీజుల మీద మన దగ్గర సాగే మాటలన్నీ ‘ఎంత’ అన్నదాని చుట్టూనే తిరుగుతాయి. కక్షిదారును కుంగదీసేది ఎంత అన్నది కాదని, ఎప్పుడెప్పుడు, దేనిదేనికి అన్నది తెలియకపోవడమేనని ఆ నోటుబుక్కు చూశాక నాకు గట్టిగా అనిపించింది. పెళ్లి భోజనాలకు మాట్లాడుకునేటప్పుడు ఆకుకు ఎంతో, ఎన్ని రకాలో కాగితం మీద రాయించుకునే మనం, ఏళ్ల తరబడి సాగే వ్యవహారానికి మాత్రం, మన తరఫున వాదించే అధికారాన్ని వకీలుకు ఇచ్చే వకాలత్ మీద చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చేస్తాం.

చట్టం ఈ విషయాన్ని దాదాపుగా ఇరుపక్షాల ఇష్టానికే వదిలేసింది. వకీలూ కక్షిదారూ ఫీజును ఒప్పందం ద్వారా నిర్ణయించుకోవచ్చని 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ ఫీజుల చట్టం చెబుతుంది. వృత్తిలో తనకున్న స్థాయికీ, కేసు స్వభావానికీ తగిన ఫీజు తీసుకోవాలని, వకీళ్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు అంటాయే తప్ప అంకె చెప్పవు. పైగా ప్రకటనలు ఇవ్వడం వకీళ్లకు నిషిద్ధం కాబట్టి ధరల బోర్డు అన్నదే ఉండదు. అందువల్ల కొత్తగా కోర్టు మెట్లెక్కే మనిషికి పక్కింటాయన చెప్పిన అంకే ఆధారం. ఆయనది చెక్కు చెల్లని కేసు, ఈయనది వాటాల పంపకం. రెండింటికీ పోలిక ఉండదు.

తీర్పును అనుసరించి కోర్టు ఇచ్చే ఆదేశపత్రమైన డిక్రీలో ఖర్చుల పట్టిక ఉంటుంది, అందులో వకీలు ఫీజు అని ఒక పద్దు కూడా కనిపిస్తుంది. ఓడిన పక్షం గెలిచిన పక్షానికి చెల్లించవలసిన ఖర్చును లెక్కగట్టడానికి నియమావళి ప్రకారం వేసే మొత్తం అది. కక్షిదారు నిజంగా ఇచ్చుకున్నదానికీ దానికీ సాధారణంగా చాలా దూరం. ‘కేసు గెలిస్తే ఖర్చులన్నీ అవతలివాళ్లే కడతారు’ అన్న భరోసాతో దావాలోకి దిగేవారు ఈ తేడాను ముందే తెలుసుకోవాలి. నిరాధారమైన దావా వేసి వేధించారని తేలినా, సివిల్ ప్రొసీజర్ కోడ్ 35ఎ సెక్షను కింద ఇప్పించగల పరిహారానికి గరిష్ఠ పరిమితి 3,000 రూపాయలే.

ఇక అంకెల విషయం. విజయవాడ గవర్నరుపేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో ఆఫీసుకు వెళ్లి అడిగితే వినిపించేవి, నాకు తెలిసినవారు చెల్లించినవి కలిపి చూస్తే కొన్ని అంచనాలు ఏర్పడతాయి. వకీలు అనుభవాన్ని బట్టి ఇవి అటూ ఇటూ బాగా మారతాయి. లీగల్ నోటీసుకు రెండు మూడు వేల నుంచి అయిదు వేల దాకా అడుగుతారు. మెజిస్ట్రేటు కోర్టులో మామూలు నేరానికి బెయిలంటే పది వేల దగ్గర మొదలై, సెక్షన్ల బరువును బట్టీ, ఇంటివాళ్ల కంగారును బట్టీ పెరుగుతుంది. కంగారును బట్టి అని తెలిసే అంటున్నాను: శుక్రవారం సాయంత్రం అరెస్టయినవాడి తమ్ముడికి బేరమాడే ఓపిక ఎక్కడ ఉంటుంది? ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులు లెక్కకు తేలికైనవి. హిందూ వివాహ చట్టం 13బి కింద పిటిషను వేయడం, ఆరు నెలల తర్వాత మళ్లీ హాజరై మాట ఖాయం చేయడం ప్రధానమైన పనులు. తగిన సందర్భంలో ఆ గడువును మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. పని పరిధి ముందే తెలుసు కాబట్టి ఇక్కడ మొత్తానికి ఒకే ఫీజు మాట్లాడుకోవడం సబబు. పాతిక వేల నుంచి డెబ్బై అయిదు వేల దాకా విన్నాను.

ఒకరు కావాలని, ఒకరు వద్దని సాగే విడాకుల సంగతి వేరు. అదొక్క కేసుగా ఉండదు. భరణం ఒకటి, గృహహింస చట్టం కింద మరొకటి, పిల్లల కోసం ఇంకొకటి. ఒక్కోదానికి ఒక్కో వకాలత్, ఒక్కో ఫీజు. సొంత ఆదాయం లేని భార్య గానీ భర్త గానీ కేసు ఖర్చులను ఎదుటివారి చేత ఇప్పించమని హిందూ వివాహ చట్టం 24వ సెక్షను కింద కోర్టును అడగవచ్చు. పుట్టింటి నుంచి తెచ్చిన గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టే ఆడపిల్లకు ఈ సెక్షను గురించి మొదటి రోజునే చెప్పాలి. చెప్పే వకీళ్లు ఉన్నారు. అందరూ చెప్పరు.

సివిల్ దావాలో మాత్రం ఏ అంకె చెప్పినా అది సగం నిజమే. ఎదుటివారిని ఒక పని చేయకుండా ఆపే ఉత్తర్వు, అంటే ఇంజంక్షను కోసం వేసే దావాకూ, హక్కు తేల్చమని వేసే దావాకూ, అగ్రిమెంటు ప్రకారం రిజిస్ట్రేషను చేయించమని వేసే దావాకూ పనిలో తేడా ఉంది. ఆస్తి విలువను బట్టి కోర్టు ఫీజు వేరే ఉంటుంది, అది వకీలుకు పోయేది కాదు, ప్రభుత్వానికి చెందేది. ‘లాయరుకు రెండు లక్షలిచ్చాను’ అని చెప్పుకునేవారిలో కొందరి రెండు లక్షల్లో పెద్ద భాగం ఈ కోర్టు ఫీజే. రశీదులు విడివిడిగా దాచుకోకపోతే ఆ సంగతి వారికే గుర్తుండదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడుస్తాడని మనవాళ్లు అన్న మాట ఊరికే పుట్టలేదు. డిక్రీ చేతికి వచ్చాక ఎదుటివాడు కదలకపోతే దాన్ని అమలు చేయించుకోవడానికి ఈ.పీ. (ఎగ్జిక్యూషన్ పిటిషను) వేయాలి. అంటే మరో నంబరు, మరో వరుస వాయిదాలు, మరో ఫీజు. దావాకు మాట్లాడుకున్న ఫీజులో ఈ.పీ. ఉందా లేదా అని మొదటే అడిగినవారిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

హైకోర్టు దాకా వెళితే ఖర్చు తీరు మారుతుంది. 1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరులోనే మొదలై, 1956లో హైదరాబాదుకు తరలింది. 2019 జనవరి 1 నుంచి మళ్లీ మన ప్రాంతంలోనే పని చేస్తోంది, ఇప్పుడు అమరావతిలో ఉంది. కనుక హైదరాబాదు రైలు ఛార్జీ, లాడ్జి ఖర్చు గుంటూరు, విజయవాడ వాళ్లకు తప్పాయి. శ్రీకాకుళం నుంచో అనంతపురం నుంచో వచ్చేవారికి ఆ బరువు అలాగే ఉంది. సీనియర్ అడ్వకేటు హోదా ఉన్నవారిని పెట్టుకోదలిస్తే మరో సంగతి గుర్తుంచుకోవాలి. వారు నేరుగా వకాలత్ దాఖలు చేయరు, మరో వకీలు ద్వారానే వాదనకు వస్తారు. కాబట్టి రెండు ఫీజులవుతాయి. సీనియరు ఫీజు ఎన్నిసార్లు నిలబడితే అన్నిసార్లు లెక్కకు వస్తుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది రోడ్డు ప్రమాదాల పరిహారం కేసుల్లో నడిచే శాతం పద్ధతి. ముందు ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు, వచ్చినదాంట్లో ఇంత అని మాట్లాడుకుంటారు. పదో వంతు అనేవారున్నారు, నాలుగో వంతు అనేవారూ ఉన్నారు. కేసు ఫలితం మీద ఆధారపడేలా ఫీజు కుదుర్చుకోవడాన్ని, వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు సూటిగా నిషేధించాయి. 1954లోనే సుప్రీంకోర్టు దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణించింది. మన పొరుగున తెలంగాణ నుంచి వెళ్లి, 2017 డిసెంబరులో సుప్రీంకోర్టులో తేలిన కేసు ఇలాంటిదే. భర్తను ప్రమాదంలో పోగొట్టుకున్న ఒక మహిళ వకీలుకు ఫీజు ముట్టజెప్పిన తర్వాత, ఆమె దగ్గర తీసుకున్న మరో చెక్కు చెల్లలేదని ఆ వకీలే ఆమెపై చెక్కు కేసు పెట్టారు. శాతం లెక్కన అడిగిన ఫీజు చట్టవిరుద్ధమంటూ సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. ఫీజుల క్రమబద్ధీకరణకు తగిన చట్టం అవసరాన్ని కూడా ఆ తీర్పులోనే గుర్తు చేసింది.

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. సంపాదించే మనిషి పోయిన ఇంట్లో ఫీజుకు డబ్బెక్కడిది, వాటా ఒప్పుకోకపోతే ఆ కేసు ఎవరు వేస్తారని వారు అడుగుతారు. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను చదివాక అభిప్రాయం మార్చుకున్నాను. మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును ఆ సెక్షను ఇచ్చింది. అంటే భర్తను పోగొట్టుకుని, పరిహారంలో నాలుగో వంతు వదులుకుంటున్న ఆ ఇల్లాలు అసలు ఫీజే ఇవ్వనక్కరలేని మనిషి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవా సంస్థ కార్యాలయానికి వెళ్లి అర్జీ పెట్టుకోవచ్చు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆమెకు ఆ మాట చెప్పవలసినవారు ఆసుపత్రిలో ఉన్నారు, పోలీసు స్టేషనులో ఉన్నారు, పంచాయతీ ఆఫీసులో ఉన్నారు. వారెవరూ చెప్పకముందే వాటా మాట్లాడే మధ్యవర్తి ఆ ఇంటి అరుగు మీద కూర్చుంటున్నాడు.

వకీళ్ల వైపు నుంచి కూడా చూడాలి. కోర్టు చుట్టూ నల్లకోటుతో తిరిగే కుర్రవాళ్లలో ఎక్కువమందికి తొలి ఏళ్లలో చేతికి వచ్చేది చాలా స్వల్పం. రాష్ట్ర ప్రభుత్వం 2019లో జూనియర్ లాయర్లకు నెలకు 5,000 రూపాయల భృతి పథకం పెట్టవలసి వచ్చిందన్నా, పట్టణాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000, గ్రామాల్లో 15,000 ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించవలసి వచ్చిందన్నా పరిస్థితి అర్థమవుతుంది. ఇంజంక్షను ఆర్డరు చేతికి రాగానే మిగిలిన ఫీజు సంగతి మరిచిపోయే పార్టీలూ ఉంటారు. వాయిదా పడ్డ రోజున కూడా వకీలు ఉదయం నుంచి హాలులో కూర్చునే ఉంటాడు, ఆ రోజుకు ఎవరో ఒకరు ఖరీదు కట్టాలి. వాయిదాకు ఇంత అని తీసుకోవడం అలా మొదలైందే. కాకపోతే ఆ పద్ధతిలో కేసు ఎంత సాగితే కక్షిదారు జేబుకు అంత చిల్లు. జాప్యానికి కారణం తాను కాకపోయినా వకీలు మీద అనుమానం పెరుగుతుంది. ఇద్దరికీ మేలు చేయని లెక్క అది.

గొడవ వచ్చాక కక్షిదారుకు ఉన్న దారులు తక్కువ. వకీలు సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. దుష్ప్రవర్తన అయితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు బాకీ ఉందన్న కారణంతో కేసు కాగితాలు తన దగ్గరే పెట్టుకునే హక్కు వకీలుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అడిగితే ఫైలు తిరిగి ఇచ్చేయాలి, బాకీ కోసం విడిగా దావా వేసుకోవాలి. పని పూర్తికాకుండా తప్పుకున్న వకీలు, చేయని పనికి తీసుకున్న ఫీజును వాపసు ఇవ్వాలన్నది కూడా నియమమే. అయితే ఎంత పనికి ఎంత ఫీజు అన్న లెక్క ఎక్కడా లేనప్పుడు ఎంత వాపసు రావాలో తేల్చేదెలా?

అందుకే ఫీజును కేసు దశలకు ముడిపెట్టి, వకాలత్ మీద సంతకం పెట్టే రోజునే కాగితం మీద రాసుకోవాలని నా వాదన. ప్రభుత్వం ధరలు కట్టాలని నేను కోరడం లేదు. అనుభవానికీ, చదువుకూ, కేసులోని చిక్కుకూ ఒకే ధర కట్టడం కుదరదు. కోరేదల్లా ఏ ధర అయినా ముందే అక్షరాల్లో ఉండాలని. ఒక పేజీ నమూనా పత్రాన్ని తెలుగులో తయారుచేసి వకాలత్‌తో పాటు జతచేయించే పని బార్ కౌన్సిల్ తలచుకుంటే పెద్ద కష్టం కాదు. ఆ రాత వకీలుకూ రక్షణే, మిగిలిన ఫీజు అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది.

మామయ్య గెలిచిన ఆ దావా మీద అవతలివాళ్లు అప్పీలుకు వెళ్లారు. ఆయన ఈసారి బ్రాడీపేటలో మరో వకీలును చూసుకున్నారు. పాత నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టి, “బాబూ, ఈసారి ఇన్ని పేజీలు రాసే ఓపిక నాకు లేదు” అన్నారట. ఆ వకీలు కాసేపు పేజీలు తిప్పి, తన లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాసిచ్చారు: వకాలత్ వేసి ఫైలు చదివినందుకు ఇంత, మధ్యలో పిటిషన్లు వేయవలసి వస్తే ఒక్కోదానికి ఇంత, వాదనలు చెప్పిన రోజున ఇంత, గుమాస్తా ఖర్చులు, నకళ్లు అన్నీ కలిపి ఇంతకు మించకూడదు. కింద ఇద్దరూ సంతకాలు చేశారు. ఆ కాగితాన్ని మామయ్య నోటుబుక్కు చివరి అట్టకు జిగురుతో అంటించుకున్నారు. అప్పీలు ఇంకా నడుస్తోంది.