501 గారూ, బయటికి దారెటండీ?

అంకెల బోర్డు మీదికి చిన్న బాణాలు విసిరే డార్ట్స్ ఆటలకే పెద్దదిక్కైన 501 గారికి,

నమస్కారం. మీ గురించి ఎవరినడిగినా ఒకటే చెప్తారు: "ఏముంది, చెరో 501తో మొదలుపెట్టాలి, వంతుకి మూడు డార్ట్‌లు, పడినన్ని తీసేసుకుంటూ ముందు సున్నాకి చేరినవాళ్లు గెలిచినట్టు, అంతే." ఆ "అంతే" దగ్గరే నాకు మీ మీద అనుమానం మొదలైంది. అప్పిచ్చేవాళ్లు కూడా సంతకం పెట్టించుకునే ముందు అచ్చం ఇదే గొంతుతో "అంతే" అంటారు.

అసలు 500 అని ఉంటే ఏం పోయేదండీ? ఆ పైన ఒక్కటి తగిలించి బేసి సంఖ్య చేసి కూర్చున్నారు. 20లు, డబుల్స్ (అంటే గడిలోని సంఖ్యకి రెట్టింపు) ఎన్ని కొట్టినా అన్నీ సరిసంఖ్యలే కాబట్టి, ఎక్కడో ఒకచోట బేసి కొట్టి తీరాలి. ఆటలో మీ పేరు చూసి ఇంత లోతుగా ఆలోచించేవాళ్లు ఉండరని మీ ధైర్యం.

బోర్డు సంగతి మరీ ఘోరం. మధ్యలో ఎర్రగా బుల్ పెట్టి, కొత్తవాళ్లంతా అదే పెద్ద బహుమతి అనుకునేలా చేసి, దానికి ఇచ్చేది 50. అసలు ఖజానా 60. అది పైన 20 గడిలో, చిటికెన వేలంత వెడల్పు కూడా లేని, మూడింతలిచ్చే ట్రిపుల్ పట్టీలో ఉంటుంది. సరే అని దాన్నే చూసి విసిరితే, 20కి అటు 5, ఇటు 1 కాపలా. పెద్ద సంఖ్య పక్కన చిన్న సంఖ్యలు పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, మనుషుల మీద వాళ్లకి మంచి అభిప్రాయం ఉన్నట్టు లేదు. ఒకటి 20లో, ఒకటి 5లో, ఒకటి 1లో పడితే 26. కొత్తలో ఎవరి కాగితం చూసినా ఈ 26లే కనిపిస్తాయి. నిలబడాల్సింది 2.37 మీటర్ల దూరంలో, బుల్ ఉండేది 1.73 మీటర్ల ఎత్తులో. అక్కడి నుంచి చెయ్యి గురి చూస్తుంటే తల 475లోంచి 26 తీసేస్తూ ఉండాలి.

ఇవన్నీ భరించొచ్చు. నా గొడవంతా చివరి డార్ట్ మీద. సున్నాకి చేరితే చాలదు, డబుల్‌తోనే చేరాలన్నారు, అంటే బోర్డు అంచున ఉన్న సన్నటి రింగులో పడాలి, లేదా బుల్. (బుల్‌ని డబుల్ 25 కింద లెక్కేస్తారు, అదొక్కటే మీరు చూపించిన దయ.) 1 మిగిలితే బస్ట్ (అంటే ఆ వంతంతా రద్దు), ఎందుకంటే అన్నిటికన్నా చిన్న డబుల్ 2. సున్నా దాటితే బస్ట్. డబుల్ కాకుండా సున్నాకొచ్చినా బస్టే!

ఈ మూడోది ఎంత దారుణమో చూడండి. 32 మిగిలింది. డబుల్ 16 కొట్టాలి. మొదటి డార్ట్ రింగు తీగకి కాస్త లోపల పడింది, మామూలు 16. పర్లేదు, ఇంకా 16 ఉంది, డబుల్ 8 చాలు. (32 మిగిల్చుకోమని పెద్దలు చెప్పేది ఇందుకే: గురి తప్పి లోపల పడినా 16, 8, 4, 2 అని సగమవుతూ ఏదో ఒక డబుల్ దొరుకుతూనే ఉంటుంది.) కానీ 8 పక్క గడి ఎవరిది? మళ్లీ 16దే. రెండో డార్ట్ తీగకి అవతల, మామూలు 16లో పడింది. లెక్క ప్రకారం సరిగ్గా సున్నా, చూసేవాళ్లు చప్పట్లకి చేతులు కూడా ఎత్తేస్తారు, అప్పుడు మీ చట్టం లేచి "డబుల్ కాదు" అంటుంది. మూడో డార్ట్ చేతిలోనే ఉండిపోతుంది, స్కోరేమో తిరిగి 32కి. నోటిదాకా వచ్చిన ముద్దని లాక్కుంటే లాక్కున్నారు, మొదటి డార్ట్ ఏం పాపం చేసింది, దాన్నెందుకు చెరిపేశారు?

పైగా మూడు డార్ట్‌లతో ముగించగలిగే స్కోర్లలో పెద్దది 170: రెండు ట్రిపుల్ 20లు, ఒక బుల్. దాని కిందున్న 169 మిగిలితే మాత్రం ఎంతటివాడైనా ఆ వంతులో ముగించలేడు. 168, 166, 165 కూడా అంతే. 167 మాత్రం కుదురుతుందట. ఇదేం న్యాయమో మీకే తెలియాలి.

1984లో జాన్ లో (Lowe) అనే ఆటగాడు తొమ్మిదే డార్ట్‌లతో మిమ్మల్ని టీవీలో తొలిసారి ఖాళీ చేశారు. 2025 జనవరిలో ల్యూక్ లిట్లర్ 17 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. వాళ్లని చూపించి "నియమాలు బాగానే ఉన్నాయిగా" అనకండి, వాళ్ల లెక్క వేరు.

నేనడిగేది ఒక్కటే. బస్ట్ అయితే ఆ డార్ట్ ఒక్కటే పోనివ్వండి, వంతు మొత్తం కాదు. ఒప్పుకోరని తెలుసు, ఎందుకంటే వరల్డ్ గ్రాండ్ ప్రీ అనే డార్ట్స్ పోటీలో మీరు బయటికి పోవడానికే కాదు, లోపలికి రావడానికి (అంటే లెక్క మొదలవడానికి) కూడా డబుల్ అడుగుతారు.

ఇట్లు,
ప్రస్తుతం 169 మీద ఉన్న ఒక అభిమాని