యుద్ధ గాయాలకు ఆడ వాటా, మగ వాటా ఉండవు

"యుద్ధంలో చచ్చేది మగవాళ్ళు, ఏడ్చేది ఆడవాళ్ళు, గుండె గట్టివాడికి మనసు చెదరదు, యుద్ధం ఆగితే అన్నీ అవే సర్దుకుంటాయి" అన్న మాట ఈమధ్య విస్తృతంగా ప్రచారంలో ఉంది. లోకానుభవంలా వినిపించే ఈ మాటలోని మూడు వాదనలూ పరిశీలనకు నిలవవు.

ముందుగా గుండె గట్టితనం సంగతి, ఎందుకంటే ప్రాణాలు తీసిన అపోహ ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒంటి మీద గీత కూడా పడని సైనికులు చేతులు వణుకుతూ, మాట పడిపోయి, కాళ్ళలో సత్తువ ఉన్నా నడవలేక ఆసుపత్రులకు చేరారు. బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మైయర్స్ 1915లో ఈ స్థితిని 'షెల్ షాక్' పేరుతో వైద్యపత్రికలో వివరించాడు. అయినా అదే సైన్యం పారిపోవడం, పిరికితనం వంటి నేరాల కింద తన సైనికులనే కాల్చి చంపింది. వారిలో 306 మందికి బ్రిటన్ 2006లో, అంటే దాదాపు తొంభై ఏళ్ళ తరువాత, క్షమాభిక్ష ప్రకటించింది. (చనిపోయినవారికి క్షమాభిక్ష ఎందుకన్నది వారి కుటుంబాలను అడగవలసిన ప్రశ్న.) వియత్నాం యుద్ధంలో పనిచేసిన అమెరికన్లపై 1980లలో జరిగిన జాతీయ అధ్యయనం ప్రకారం, పురుషులలో సుమారు 30 శాతం, స్త్రీలలో సుమారు 27 శాతం మంది ఏదో ఒక దశలో యుద్ధానంతర మానసిక ఆఘాతానికి గురయ్యారు. ఆ స్త్రీలలో అత్యధికులు నర్సులు. తుపాకీ పట్టినవారికీ, గాయాలకు కట్టు కట్టినవారికీ మధ్య తేడా అంత స్వల్పం.

ఇక చావులు, కన్నీళ్ళ పంపకం. పోరులో మరణించే సైనికులలో మగవారే ఎక్కువన్నది నిజం. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సేనల్లో సుమారు 8 లక్షల మంది స్త్రీలు పనిచేశారు. రువాండా మారణకాండను విచారించిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ 1998లో అత్యాచారాన్ని జాతి నిర్మూలన సాధనంగా గుర్తించింది. ఆ హింస ఆడవారితో ఆగలేదు: బోస్నియా యుద్ధంలో ఒమార్‌స్కా నిర్బంధ శిబిరంలోని మగ ఖైదీలపై జరిగిన లైంగిక హింస కూడా మాజీ యుగోస్లావియా యుద్ధనేరాల అంతర్జాతీయ ట్రిబ్యునల్ 1997 నాటి తీర్పులోకి ఎక్కింది. ఇద్దరి నోళ్ళనూ కట్టేసింది సిగ్గే. జపాన్ సైన్యం తనను లైంగిక బానిసగా వాడుకుందని కొరియా మహిళ కిమ్ హాక్-సున్ బహిరంగంగా చెప్పగలిగింది 1991లో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 46 ఏళ్ళకు.

'ఆగితే సర్దుకుంటాయి' అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అంచనా ఒక్కటే చాలు: గత పదేళ్ళలో సంఘర్షణను చవిచూసిన ప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. ఇంట్లో అది ఎలా ఉంటుందంటే, తిరిగొచ్చిన సైనికుణ్ణి నిద్రలో తట్టి లేపితే ఉలిక్కిపడి చెయ్యి చేసుకుంటాడేమోనన్న భయంతో, భార్య గుమ్మం దగ్గరే నిలబడి పిలుస్తుంది. మనిషే తిరిగిరాని ఇంట్లో పరిస్థితి వేరు. భర్త జాడ తెలియక, మరణ ధ్రువపత్రమూ లేక, ఆస్తి, పింఛను విషయాల్లో ఏళ్ళ తరబడి నలిగే స్త్రీలను కశ్మీర్‌లో 'సగం వితంతువులు' అంటారు. ఆ ఇళ్ళలో సర్దుకోవడం మొదలుకావాలంటే ముందు ఒక కబురు రావాలి. అది ఇంకా రాలేదు.