భీమిలి టికెట్టు, జగదాంబ గొడవ

తుపాను తీరం దాటేసింది. రోడ్డు మీద పడ్డ కొమ్మలు కూడా ఎత్తేశారు. ఎండ మాడ్చేస్తున్న ఒక మధ్యాహ్నం నా ఫోను నన్ను హెచ్చరించింది: "రేపు భారీ గాలులు. బీచ్ రోడ్డు వైపు ఎవరూ రావద్దు." ఆ పోస్టు పెట్టినాయన నాకు బాగా తెలిసినాయనే. ఆయన తప్పేం లేదు, గాలి రాకముందే పెట్టాడు. మధ్యలో ఉన్న సోషల్ మీడియా కంపెనీ వారు దాన్ని రోజుల తరబడి మాగబెట్టి, నాకు ఎప్పుడు వడ్డిస్తే ఒంటికి పడుతుందో లెక్కగట్టి, అప్పుడు వడ్డించారు. ఈలోపు నన్ను ఖాళీగా ఉంచారనుకునేరు, అదేం లేదు. బ్యాంకాక్‌లో ఎవరో అనాసపండు చెక్కుతుంటే చూపించారు. ఇద్దరు హీరోల అభిమానులు ఒకరి తల్లిదండ్రుల్ని ఒకరు భక్తితో స్మరించుకుంటుంటే చూపించారు. మోకాళ్ళ నొప్పుల నూనె చూపించారు. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి, కానీ వాళ్ళకు నాకంటే ముందు తెలిసిందేమో.

ఇంత సేవ పొందుతూ కూడా కొందరు ఈ పెద్ద వేదికల్ని వదిలి మాస్టొడాన్ అనీ, లెమ్మీ అనీ, ఇలాంటివన్నీ కలిసిన ఫెడివర్స్ అనీ, ఒకే కంపెనీ చేతిలో లేని వికేంద్రీకృత వేదికలకు మూటాముల్లె సర్దుకుంటున్నారట. కృతఘ్నులు. వాళ్ళను ఖండించడానికే ఈ వ్యాసం.

వాళ్ళ గొంతెమ్మ కోరిక ఏమిటో వినండి. "నేను ఎవరి మాట వింటానన్నానో వాళ్ళ మాటే, వాళ్ళు అన్న వరసలోనే నాకు వినబడాలి." అంతే. దీనికోసం ఇల్లు మారతారా ఎవరైనా? ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ 2016 దాకా ఇలాగే వరసలో చూపించి ప్రజల్ని చెడగొట్టాయి. ఆ తర్వాతే వాళ్ళకు జ్ఞానోదయమై, మనకేం కావాలో మనకంటే వాళ్ళే బాగా ఎంచగలరని తెలుసుకున్నారు.

ఈ జ్ఞానం గొప్పదనం అర్థం కావాలంటే దాన్ని మన ఆర్టీసీలో ప్రవేశపెట్టి చూడాలి. ఆర్టీసీ ఇంకా పాతకాలంలోనే ఉంది. భీమిలి అని బోర్డు పెడితే భీమిలికే పోతుంది.

కొత్త పద్ధతిలో మీరు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో భీమిలి బస్సెక్కుతారు. ఆడవాళ్ళకే కాదు, మీసాలున్నవాళ్ళకీ ఉచితం. కండక్టరు పైసా తీసుకోడు, మీరు ఎటు చూస్తున్నారో మాత్రం చిన్న పుస్తకంలో రాసుకుంటాడు. మద్దిలపాలెం దాకా సవ్యంగానే పోతారు. అక్కడ ఇద్దరు ఆటోవాళ్ళు కాలర్లు పట్టుకున్నారు. మీరు కిటికీలోంచి చూశారు. మనిషన్నాక చూస్తాడు. కండక్టరు ఈల వేశాడు, బస్సు వెనక్కి తిరిగింది.

"ఏటండీ, ఇది భీమిలి బస్సు కదా?"

"భీమిలేనండీ, ఎల్తాది ఎల్తాది. జగదాంబ కాడ ఇంతకంటే పెద్ద గొడవ అవుతోంది, అది సూసేసి ఎలిపోదాం."

"నాకు గొడవలంటే పడదయ్యా."

"అందరూ అలాగే అంతారు బాబూ. మూడు సెకన్లు సూసినారు మీరు. రాసుకున్నాను."

జగదాంబలో అరగంట. అక్కడ గొడవ చల్లారబోతుంటే డ్రైవరే దిగి, ఇందాక నిన్ను వాడేమన్నాడో విన్నావా అని ఒకడి చెవిలో ఊది వచ్చాడు. అక్కడ్నుంచి పూర్ణా మార్కెట్టు, ఎందుకంటే మీలాంటివాళ్ళు అక్కడ ఎక్కువసేపు నోరు తెరుచుకుని చూస్తారట. దారిలో ప్రతి రెండు నిమిషాలకీ బస్సాగుతుంది. టై కట్టుకున్నాయన ఒకాయన ఎక్కి, ఆనందపురం దగ్గర ఈస్టు ఫేసింగు ప్లాట్లు, కొద్ది ప్లాట్లే మిగిలాయి అని చెప్పి దిగుతాడు. వెంటనే ఆయన తమ్ముడు ఎక్కుతాడు. అవే ప్లాట్లు, అంతే మిగిలాయి. ముందు వరస సీట్లు నెలనెలా డబ్బు కట్టే వాళ్ళవి. వాళ్ళ చేతికి మైకు కూడా ఇస్తారు. వెనక సీట్లో డాక్టరుగారు ఏదో చెప్పబోతున్నారు గానీ ఆయన కట్టలేదు.

మీ పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఋషికొండలో దిగాలి. ఒళ్ళో సంచి, సంచిలో మనవరాలికి మందులు. ఆవిడ కిటికీలోంచి దేన్నీ చూడటం లేదు, దేన్నీ కొనడం లేదు, ఎవర్నీ తిట్టడం లేదు. కాబట్టి కంపెనీ లెక్కలో ఆవిడ బస్సులో లేదు. ఆవిడ స్టాపు రాదు. ఫిర్యాదు పెట్టెలో కాగితం వేస్తే పెట్టె లోపల్నుంచి "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అన్న గొంతు వస్తుంది. రాత్రి పదకొండింటికి ఎక్కిన చోటే దింపి, కండక్టరు మీ చేతిలో చీటీ పెడతాడు: ఇవాళ మీరు మాతో గడిపిన సమయం నిన్నటికంటే ఎక్కువ, మా సేవ మీకు ఎంతో నచ్చింది. భీమిలి ఏదయ్యా అంటే, మీకు నిజంగా ఆసక్తి ఉందనిపిస్తే రేపు చూపిస్తాం అంటాడు.

అతిశయోక్తి అనుకుంటున్నారా? ఫేస్‌బుక్ లోపలి కాగితాలు 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని బయటపెడితే లోకానికి తెలిసింది. 2017 నుంచి కొంతకాలం వాళ్ళ త్రాసులో ఎర్ర మొహం బొమ్మకు, అంటే కోపం బొమ్మకు, అయిదు లైకుల బరువు. మీరు ఒక పోస్టు చూసి మండిపడితే, మండిపడ్డారు కాబట్టి అది అయిదింతలు ముఖ్యమైందని మిషను అర్థం చేసుకుని మరో వందమందిని మండించడానికి తీసుకెళ్ళేది. ఇది చెడుకు దారి తీస్తోందని లోపలివాళ్ళే చెప్పారు. చెప్పాక కూడా ఆ బరువును సున్నా చేయడానికి 2020 దాకా పట్టింది. ఇంతకీ నేను రోజూ పొద్దున్నే ఎవరి మీదో కోపంగా ఎందుకు లేస్తున్నానో అని బీపీ మాత్ర వేసుకున్నాను.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ఇక నవ్వు రాదు.

ఒక ఉదయం నా ఫీడ్‌లో ఒక పోస్టు తేలింది. కేజీహెచ్ ఆసుపత్రిలో ఉన్న చిన్నపిల్లకు ఓ నెగటివ్ రక్తం, అర్జెంటు. నాది ఓ నెగటివ్. చెప్పులేసుకుంటూనే నంబరు నొక్కాను. అవతల మగగొంతు "ఇంక అక్కర్లేదండీ" అని పెట్టేసింది. దొరికి అక్కర్లేదా, ఇంకోలా అక్కర్లేదా, మళ్ళీ చేసి అడిగే ధైర్యం రాలేదు. అప్పుడు చూశాను తారీఖు. పోయిన వారంది. ఈ వారమంతా నేను ఆ యాప్ తెరుస్తూనే ఉన్నాను, ఎన్నిసార్లు తెరిచానో, ఏ బొమ్మ దగ్గర ఎన్ని సెకన్లు ఆగానో వాళ్ళ దగ్గర లెక్కుంది. ఆ లెక్కతో నాకు నూనె అమ్మారు. రక్తం కావాలన్న మాటకు ఎవడికి కోపమొస్తుంది? ఎవడు కింద చేరి వాదిస్తాడు? ఎవడూ వాదించడు, కాబట్టి దాన్ని అడుక్కి తొక్కేశారు. వరసలో చూపించడం చేతకాక కాదు, ఒకప్పుడు చేసిన పనే. లాభం లేదని మానేశారు. దాన్ని సాంకేతిక లోపం అంటే ఒప్పుకోను, కూర్చుని, టీ తాగుతూ తీసుకున్న నిర్ణయమది. ఏ కంపెనీ అని అడక్కండి, ఒకరి పేరు చెబితే మిగతావాళ్ళు పుణ్యాత్ములనుకుంటారు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఒక్కడి బిడ్డ ఆసుపత్రి మంచం మీద ఉండి, వాడి మొర అనాసపండు కింద నలిగిపోతే అప్పుడు తెలుస్తుంది సిగ్గులేని వెధవలకు, లైకులూ కామెంట్లూ లెక్కగట్టే ఆ ఎంగేజ్‌మెంట్ అంటే ఏమిటో. ఆ ఫీడ్‌కు పైన "మీ కోసం" అని పేరు పెట్టారు. నా కోసమట!

సరే. మంచినీళ్ళు తాగాను. ఖండన కొనసాగిద్దాం.

యజమాని మంచివాడైతే చాలు కదా అని కొందరంటారు. ట్విట్టర్‌ను 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లు పోసి కొన్నాడు. ఆ డిసెంబరులోనే, మాస్టొడాన్‌కు దారి చూపించే లింకులు మా గోడ మీద పెట్టకూడదని నియమం వచ్చింది. గోల లేస్తే వెంటనే తీసేశారనుకోండి. 2023 జులైలో ట్విట్టర్ పిట్ట ఎగిరిపోయి ఎక్స్ అన్న పేరు మిగిలింది. అదే నెల మొదట్లో, డబ్బు కట్టనివాళ్ళు రోజుకు 600 పోస్టులే చూడాలని రేషను పెట్టారు. అంతకుముందు ఏప్రిల్లో, న్యూయార్క్ సిటీ బస్సులూ రైళ్ళూ నడిపే సంస్థ, ఏ లైను ఆగిందో ఆటోమేటిక్‌గా జనానికి చెప్పుకోవడానికి నెలకు 50,000 డాలర్లు అడుగుతున్నారని ట్విట్టర్లో కబుర్లు పెట్టడం మానేసింది. తర్వాత ప్రభుత్వ సేవలకు మినహాయింపు ఇచ్చారు. ఇవ్వకపోతే? బస్సు రాదన్న మాట ఊరివాళ్ళకు చెప్పాలా వద్దా అన్నది ఒక్క మనిషి మూడ్ మీద నడిచిందన్నమాట.

యజమాని మనవాడైతే పోలా అని దేశభక్తులు అన్నారు. అదీ చూశాం. బెంగళూరులో 2020లో ట్విట్టర్ లాంటిదే కూ అనే పసుపు పిట్ట పుట్టింది, తెలుగులో కూడా కూసింది, మంత్రులు వచ్చి వాలారు. 2024 జులైలో మూసేశారు. అంతకుముందు ఆర్కుట్ 2014లో పోయింది, గూగుల్ ప్లస్ 2019లో పోయింది. ఆర్కుట్‌లో మన కుర్రకారు రాసుకున్న టెస్టిమోనియల్స్ ఎక్కడున్నాయి? ఆ కవిత్వం పోతే పోయింది, మంచిదే. కానీ పారేసే హక్కు రాసినవాడిది కదా.

ఈ వలసదారుల మీద సాక్ష్యాలు సేకరించడానికి మాత్రమే నేను మాస్టొడాన్‌లో చేరాను. మార్గదర్శి గాజువాకలో ఉండే మా మేనల్లుడు.

"మావయ్యా, ముందు నువ్వు సర్వర్ ఎంచుకోవాలి."

"పెద్దది ఏదో ఒకటి చూసి పెట్టెయ్యరా."

"అందరూ పెద్దదాంట్లోనే చేరితే మళ్ళీ మొదటికే వస్తాం కదా మావయ్యా."

వాడు గంటసేపు చెప్పినదాని సారం ఇది. జర్మనీలో యూజెన్ రోచ్కో అనే కుర్రాడు 2016లో మాస్టొడాన్ ప్రోగ్రాం రాసి అందరికీ ఇచ్చేశాడు. ఎవరైనా తమ సర్వర్లో పెట్టుకుని నడుపుకోవచ్చు. వేరే వేరే సర్వర్ల వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి యాక్టివిటీపబ్ అనే ఒప్పందం ఉంది, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూత్రీసీ 2018లో దానికి ముద్ర వేసింది. జీమెయిల్ వాడు యాహూ వాడికి ఉత్తరం రాసినట్టే. సర్వర్ నడిపే అడ్మిన్ నచ్చకపోతే మన ఫాలోవర్లను వెంటబెట్టుకుని ఇంకో సర్వర్‌కు మారిపోవచ్చు. పాత పోస్టులు మాత్రం రావు. ప్రకటనలు లేవు. వరసలో వస్తాయి. మాస్టొడాన్ వారి అధికారిక జాబితాలో చోటు కావాలంటే సర్వర్ నడిపేవాడు ఒక మాట ఇవ్వాలి: మూసేస్తే మూడు నెలల ముందు చెప్తాను అని. ఈ మర్యాదను కోట్ల డాలర్ల కంపెనీల నుంచి నేను ఆశించలేదు కూడా.

ఇంతా చేస్తే అక్కడ స్వర్గమేం లేదు. వీళ్ళ అడ్మిన్‌కీ వాళ్ళ అడ్మిన్‌కీ చెడి సర్వర్లు తెగతెంపులు చేసుకుంటాయి, మనం విడిపోయినవాళ్ళ పిల్లల్లా మధ్యలో నిలబడతాం. ఎవరు ఏం రాసినా కిందకు ఒకాయన వచ్చి కంప్యూటర్లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకోమంటాడు. పిల్లుల బొమ్మలు. 2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేసినప్పుడు మన దేశం నుంచి పెద్ద గుంపే మాస్టొడాన్‌కు వెళ్ళింది, చాలామంది కొన్నాళ్ళకే వెనక్కొచ్చారు. అక్కడ తిట్టేవాళ్ళు తక్కువై బోరు కొట్టి ఉంటుంది. తమాషా ఏమిటంటే అదే ఏడాది డిసెంబరులో, అప్పట్లో ట్విట్టర్ కుర్చీలో కూర్చున్న జాక్ డోర్సీ, ఈ వ్యవహారం ఒక కంపెనీ చేతిలో ఉండకూడదు, బ్లూస్కై అని ఒక ప్రయత్నానికి డబ్బు పెడుతున్నాం అన్నాడు. కొట్టు యజమానే గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఇక్కడ కొనకండర్రా అంటే, పోయేవాళ్ళను నేను ఏ మొహంతో ఖండించను?

అదీగాక మన ఊరికి రోజులు మారుతున్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ వారు విశాఖలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతామన్నారు. ప్రపంచం రాసుకున్నదంతా మన కొండల పక్కకే వచ్చి కూర్చుంటుందట. చాలా సంతోషం. నాలుగు వీధుల అవతల నీళ్ళు రావన్న మాట మాత్రం అమెరికా చుట్టి, అక్కడ తూకం వేయించుకుని, నీళ్ళు వచ్చేశాక నాకు చేరుతుంది.

మా అపార్ట్‌మెంట్ వాళ్ళను అయినా లాక్కెళ్దామని సంఘం మీటింగులో లేచి పది నిమిషాలు మాట్లాడాను. సెక్రటరీ గారు ఓపిగ్గా విని, "అందరూ వస్తే నేనూ వస్తానండీ" అన్నారు. అందరూ, "సెక్రటరీ గారు వస్తే మేమూ వస్తాం" అన్నారు. మూడో అంతస్తు మేడమ్ గారు అక్కడ రీల్స్ ఉంటాయా అని అడిగారు. ప్రస్తుతానికి తీర్మానమైంది ఏమిటంటే, నీళ్ళ ట్యాంకరు టైమింగులు సెక్రటరీ గారు తెల్లకాగితం మీద స్కెచ్చు పెన్నుతో రాసి లిఫ్టు తలుపు పక్కన అంటిస్తారు. లిఫ్టు ఎక్కే ప్రతివాడికీ కనబడుతుంది, అదే రోజు కనబడుతుంది. మొదటి కాగితం మొన్న అంటించారు. నిన్న పొద్దున్నకల్లా దాని మీద ఎవరో ఈస్టు ఫేసింగు ప్లాట్ల పాంప్లెట్ అంటించిపోయారు.