స్పీకర్ ఏదైనా ఒకటేనా?

గిటార్ వాయించేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది: "టోనంతా పికప్పుల్లో, ట్యూబుల్లోనే ఉంటుంది. స్పీకర్ దాన్ని గట్టిగా వినిపిస్తుందంతే. మార్చాలనుకుంటే వాట్స్ ఎక్కువున్నదో, అల్నికో మాగ్నెట్ ఉన్నదో తీసుకో. ఏదీ తేలకపోతే వింటేజ్ 30 పెట్టెయ్, వీడియోల్లో విన్నావుగా." (పికప్పులు తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేవి, ట్యూబులు ఆంప్‌లో ఆ సిగ్నల్‌ని పెంచేవి. అల్నికో ఒక మాగ్నెట్ లోహమిశ్రమం, వింటేజ్ 30 సెలెస్టియన్ కంపెనీ గిటార్ స్పీకర్ మోడల్.) ఈ సలహాలో ఒక్క ముక్కా నిలబడదు.

స్పీకర్ సిగ్నల్‌ని ఉన్నదున్నట్టు వినిపించే పనైతే డిస్టార్షన్‌ని, అంటే కావాలని గరగరలాడించిన గిటార్ సౌండ్‌ని, ఎవరూ భరించలేరు. నమ్మకం లేకపోతే డిస్టార్షన్ పెడల్ కేబుల్‌ని నేరుగా రికార్డింగ్ ఇంటర్‌ఫేస్‌లో (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) పెట్టి, క్యాబ్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ సౌండ్‌ని అనుకరించే ఫిల్టర్) ఆపేసి హెడ్‌ఫోన్స్‌లో వినండి. కందిరీగల తుట్టె కదిలించినట్టు ఉంటుంది. అదే సిగ్నల్ 12 అంగుళాల గిటార్ స్పీకర్‌లోంచి వస్తే ఆ రొద పోతుంది. ఎందుకంటే గిటార్ స్పీకర్ దాదాపు 5,000 హెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. ఆ లోపల కూడా దాని స్పందన సాఫీగా ఉండదు. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది.

ఇక ట్యూబుల సంగతి. స్పీకర్ వెనకాల 8 ఓమ్స్ అని రాసి ఉన్నా అది నామమాత్రమే. స్పీకర్ తనంతట తాను తేలిగ్గా ఊగే ఫ్రీక్వెన్సీ (రెజొనెన్స్) దగ్గర, అంటే చాలా స్పీకర్లలో 75–100 హెర్ట్జ్ ప్రాంతంలో, ఇంపిడెన్స్ (కరెంటుకి స్పీకర్ చూపే అడ్డు) ఆ అంకెకి కొన్ని రెట్లు లేస్తుంది. పై ఫ్రీక్వెన్సీల్లో మళ్లీ పెరుగుతుంది. ట్యూబ్ ఆంప్ ఈ మార్పుకి తగ్గట్టు స్పందిస్తుంది, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి ఆంప్ తనని తాను సరిచేసుకునే ఏర్పాటు) లేని ఆంప్‌లో మరీను. అంటే ట్యూబుల టోన్ అని మనం మెచ్చుకునేదాంట్లో స్పీకర్ చెయ్యి ఉంది.

వాట్స్ అంటే స్పీకర్ కాలిపోకుండా ఎంత పవర్ తట్టుకుంటుందో చెప్పే లెక్క, ఎంత గట్టిగా మోగుతుందో కాదు. మోతకి చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందన్నది. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ 25 వాట్స్, 98 డెసిబెల్స్. అదే కంపెనీ బ్లూ 15 వాట్సే, కానీ 100 డెసిబెల్స్. చిన్న అంకె ఉన్నదే ఎక్కువ మోగుతుంది! 3 డెసిబెల్స్ పెరగడమంటే ఆంప్ పవర్ రెట్టింపు చేసినంత పని. అలాగని వాట్స్ లెక్క వదిలేయకండి. 30 వాట్ల ట్యూబ్ ఆంప్‌కి ఒకే ఒక్క 15 వాట్ల స్పీకర్ తగిలిస్తే దాని కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) కాలిపోవచ్చు. 30 వాట్ల వాక్స్ ఏసీ30 ఆంప్‌లో బ్లూలు రెండు ఉండేది అందుకే.

అల్నికో గొప్పదే, ఖరీదైనదే. కానీ 60ల చివర్లో రాక్ సంగీతానికి గుర్తుగా నిలిచిన మార్షల్ క్యాబినెట్లలోని గ్రీన్‌బ్యాక్‌లు ఫెరైట్ (సెరామిక్) మాగ్నెట్‌వి. కోన్ (కదిలే కాగితపు గరాటు), కాయిల్, డస్ట్ క్యాప్ (కోన్ మధ్యలోని చిన్న మూత)లని పక్కనబెట్టి మాగ్నెట్ పేరు చూసి కొనడంలో అర్థం లేదు.

వింటేజ్ 30 పేరులో 30 ఉన్నా అది 60 వాట్ల స్పీకర్, వచ్చింది 1986లో. పై మిడ్స్ (మధ్య ఫ్రీక్వెన్సీల్లో పై భాగం) ముందుకు వస్తాయి కాబట్టి డ్రమ్స్, బాస్ మధ్య గిటార్ మునిగిపోదు. మూసిన వెనకభాగం ఉన్న నాలుగు స్పీకర్ల క్యాబినెట్‌లో, కాస్త మందంగా పలికే ఆంప్‌తో నాకూ ఇష్టమే. అదే స్పీకర్‌ని అసలే పదునుగా పలికే చిన్న ఓపెన్‌బ్యాక్ కాంబోలో (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండి వెనక తెరిచి ఉండేది) పెడితే చెవిలో గుచ్చుకుంటుంది. అలాంటి ఆంప్‌కి నేనైతే గ్రీన్‌బ్యాక్ వైపే మొగ్గుతాను.

వీడియోల్లో మనం వినేది కోన్‌కి ఆనించినంత దగ్గరగా పెట్టిన మైక్‌ని. దాన్ని డస్ట్ క్యాప్ మధ్య నుంచి అంచు వైపు రెండంగుళాలు జరిపితే వచ్చే తేడా, చాలాసార్లు రెండు స్పీకర్ల మధ్య తేడా కంటే పెద్దది. పైగా స్పీకర్‌లోని హైస్ (పై ఫ్రీక్వెన్సీలు) టార్చిలైటులా నేరుగా ముందుకే పోతాయి. ఆంప్ నేల మీదుంటే అవి మోకాళ్లకి తగులుతాయి, చెవికి కాదు. కొత్త స్పీకర్‌కి డబ్బు పెట్టేముందు ఆంప్‌ని వెనక్కి వాల్చి, స్పీకర్ చెవి వైపు తిరిగేలా పెట్టి, బ్యాండ్‌తో వాయించే వాల్యూమ్‌లోనే వినండి.