ఐటీఐ వెల్డర్‌కి 6జి ఎందుకు అందడం లేదు?

ఎనిమిదో తరగతి పాసైతే చాలు, ఏడాది కోర్సు, చేతికి నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్. ఐటీఐ వెల్డర్ ట్రేడ్ గురించి ఊళ్లలో చెప్పుకునే మాట ఇదే. అందులో అబద్ధం లేదు. కానీ రిఫైనరీని ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనికో, గల్ఫ్ ఇంటర్వ్యూకో వెళ్లిన కుర్రాడిని ఆ కాగితం ఒక్కటే చూసి తీసుకోరు. ట్రేడ్ టెస్ట్ పెడతారు, అంటే ఎదురుగా వెల్డింగ్ చేయించి చూస్తారు.

మంచి జీతమిచ్చే పైపింగ్ పనులకు అడిగేది 6జి అనే పైపు వెల్డింగ్ పరీక్ష. పైపును 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు. పైపు తిరగదు, వెల్డరే దాని చుట్టూ తిరగాలి. ఒక్క జాయింట్‌లోనే కిందినుంచి తలపైకెత్తి చేసే పనీ, నిలువు పనీ, అన్నీ వచ్చేస్తాయి. ఎక్కువగా జాయింట్ అడుగున వేసే మొదటి పొరను, అంటే రూట్ పాస్‌ను, ఆర్గాన్ గ్యాస్ వెల్డింగ్‌తో వేసి, పైన 7018 రకం వెల్డింగ్ రాడ్‌తో నింపుతారు. ఆ రాడ్ తేమ పీలిస్తే జాయింట్‌లోకి హైడ్రోజన్ చేరి పగుళ్లు రావచ్చు. అందుకే ఓవెన్‌లో వేడిచేసి మరీ వాడతారు. చివర్లో ఎక్స్‌రే తీస్తారు, లేదంటే ముక్కలు కోసి వంచి చూస్తారు. పైన వెల్డ్ ఎంత నున్నగా ఉన్నా లోపల రూట్ కలవకపోతే ఫెయిలే.

ఇది రాడ్లు కాల్చితేనే వచ్చే విద్య. రాడ్లకు, పైపు ముక్కలకు, ఆర్గాన్ సిలిండర్లకు డబ్బు కావాలి. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టింది. రోబోలు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు రావాల్సిందే. అయితే సైటులో ఇరుకు సందులో పాత లైను మార్చాల్సి వస్తే ఇప్పటికీ మనిషి చెయ్యే కావాలి. మెషిన్లు కొన్నంత ఉత్సాహంగా ఏటా రాడ్లు కొంటారా అన్నదే నా బెంగ. అమెరికాలో కొన్ని కమ్యూనిటీ కాలేజీలకు అమెరికన్ వెల్డింగ్ సొసైటీ టెస్ట్ సెంటర్ గుర్తింపు ఉంది. చదివిన చోటే పరీక్షిచ్చి, పరిశ్రమ నమ్మే సర్టిఫికెట్‌తో బయటికి రావచ్చు. మన దగ్గరా కోర్సు చివర ప్రతి విద్యార్థికీ ప్రభుత్వ ఖర్చుతో క్వాలిఫికేషన్ టెస్ట్ పెట్టాలి. అందరూ 6జి దాకా రాలేకపోవచ్చు, కనీసం చదునైన ప్లేటు మీద వెల్డింగ్ పరీక్షలోనైనా నెగ్గి రావాలి.

ఎనిమిదితో చదువు ఆపేసి ఈ ట్రేడ్‌లో చేరేవాళ్లకు ఇంకో మాట. పదో తరగతి లేకపోతే పాస్‌పోర్ట్ ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కిందికి వస్తుంది, గల్ఫ్ ఉద్యోగానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఓపెన్ స్కూల్‌లోనైనా పది పూర్తిచెయ్యండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగే ఫీజు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగితే అది దోపిడీ.

పొగ సంగతి అసలు ఎవరూ ఎత్తరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం వెల్డింగ్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పిల్లవాడిని చేర్పించే ముందు తల్లిదండ్రులు వర్క్‌షాప్‌లోకి వెళ్లి చూడాలి. పొగ లాగే ఎగ్జాస్ట్ పనిచేస్తోందా, ఒక్కో విద్యార్థికి రోజుకు ఎన్ని రాడ్లు ఇస్తున్నారు అని ఇన్‌స్ట్రక్టర్‌ని ముఖం మీదే అడగాలి.